ఏకచక్రపురిలో అతిథులం

పాండవులు తల్లితో సహా తలదాచుకున్న ఏకచక్రపురం, జైనులు కొలిచే బాహుబలి రాజధాని పోదనపురం, బౌద్ధ వాఙ్మయం పేర్కొన్న అశ్మక జనపదానికి రాజనగరం, నిజాం కాలపు చక్కెర సీమ... ఇన్ని పేర్లూ, ఇన్ని ప్రతీతులూ నిజామాబాద్ జిల్లాలోని ఒక్క బోధన్ పట్టణానివే. మూడు నదులు, మూడు భాషలు కలిసే ఈ పొలిమేర సీమకు కుటుంబసమేతంగా తరలివెళ్లేవారు చూడవలసినవి ఎన్నో. తెలుసుకోవలసిన ధర్మం మాత్రం ఒక్కటే.

కుంతీదేవి తీర్చుకున్న ఋణం

లక్క ఇల్లు దగ్ధమైన పిదప పాండవులు అడవుల పాలయ్యారు. వేషం మార్చుకొని, తల్లిని వెంటబెట్టుకొని తిరుగుతున్న ఆ అయిదుగురినీ వ్యాసమహర్షి స్వయంగా తోడ్కొనివచ్చి ఏకచక్రపురంలో ఒక విప్రుని ఇంట బస కుదిర్చాడని భారతం చెబుతోంది. పగలంతా భిక్షాటన. తెచ్చినదానిలో సగం భీమసేనునికి, తక్కిన సగం కుంతికీ మిగిలిన నలుగురికీ. రాజ్యం పోయి, పేరు చెప్పుకోలేని స్థితిలో ఉన్న ఆ కుటుంబాన్ని ఊరు ఆదరించింది. వారెవరో అడగలేదు.

ఒకనాడు కుంతీ భీములు ఇంట ఉండగా లోపలి నుంచి ఏడుపు వినిపించింది. ఊరి చేరువలో ఉన్న బకాసురునికి నిత్యం బండెడు అన్నం, రెండు దున్నపోతులు, వాటిని తోలుకెళ్లే మనిషి ఆహారం కావాలి. ఆనాటి వంతు ఆ ఇంటిది. నేను వెళతానని తండ్రి అన్నాడు. కాదు నేనంటూ తల్లి అడ్డుపడింది. ఇద్దరూ ఉండాలి, నేనే వెళతానని కూతురు ముందుకు వచ్చింది. మాటలు సరిగా రాని పసివాడు చేత గడ్డిపరక పట్టుకొని, దీనితో ఆ రాక్షసుణ్ణి చంపేస్తానన్నాడు. అంతటి దుఃఖంలోనూ వారి పెదవులపై క్షణకాలం చిరునవ్వు మెరిసిందని వ్యాసుడు చెప్పాడు.

కుంతి లోనికి వెళ్లింది. తనకు అయిదుగురు కుమారులున్నారని, వారిలో ఒకణ్ణి పంపుతానని మాట ఇచ్చింది. భిక్ష నుంచి తిరిగివచ్చిన ధర్మరాజు ఈ సంగతి తెలిసి తల్లిని తప్పుపట్టాడు. పరుల బిడ్డ కోసం కన్నబిడ్డను పణం పెట్టడమేమిటని ప్రశ్నించాడు. అప్పుడామె చెప్పిన సమాధానం ఆదిపర్వంలోని మణిపూసలలో ఒకటి. వీరి ఇంట మనం సుఖంగా ఉన్నాం, పొందిన మేలును మరువనివాడే మనిషి, ఒకరు మనకు చేసినదానికంటే అధికంగా తిరిగి చేయడమే మన విధి అన్నది ఆమె మాటల సారాంశం. ఆ తరువాతి కథ పసిపిల్లలకు కూడా తెలిసినదే. భీముడు బండి తోలుకెళ్లి, అన్నం తానే ఆరగించి, బకుణ్ణి సంహరించాడు.

అతిథిని దేవునిగా చూడాలని పెద్దలు మనకు నేర్పారు. అది గృహస్థ ధర్మం. అతిథిగా వెళ్లినవారి ధర్మమేమిటో కుంతీదేవి నేర్పింది. సెలవులకు ఊళ్లు చూడబోయే కుటుంబాలు వెంట తీసుకెళ్లవలసిన పాఠం ఇదే.

చక్రేశ్వరుని సన్నిధి

భారతంలోని ఆ ఏకచక్రపురం తమ ఊరేనని బోధన్ వాసుల విశ్వాసం. బీహార్, బెంగాల్ ప్రాంతాలలోనూ ఇదే విశ్వాసం గల ఊళ్లున్నాయి. ఏ ఊరి నమ్మకం ఆ ఊరికి పవిత్రం. బోధన్‌లో పరమశివుడు ఏకచక్రేశ్వరునిగా పూజలందుకుంటున్నాడు. మహాశివరాత్రికి, కార్తీక సోమవారాలకు ఈ ఆలయం భక్తులతో కళకళలాడుతుంది. పిల్లలకు బకాసురుని కథ చెప్పదలచిన నాయనమ్మలకు, అమ్మమ్మలకు ఇంతకంటే తగిన చోటు దొరకదు. రాక్షసవధ కంటే ముందుగా గడ్డిపరక పట్టుకున్న పసివాని ఘట్టం చెప్పాలి. ఒకరి కోసం ఒకరు ప్రాణమివ్వడానికి పోటీపడిన ఆ ఇల్లే ఈ కథకు ప్రాణం.

బోధన్ పేరుకు మరో మూలం కూడా అదే ఆదిపర్వంలో కనిపిస్తుంది. కల్మాషపాదుని రాణి పన్నెండేళ్లు గర్భం మోసి, చివరకు రాతితో గర్భాన్ని భేదించగా పుట్టినవాడు అశ్మకుడు. అశ్మమంటే రాయి. ఆ రాజర్షి నిర్మించిన నగరమే పౌదన్యం. పౌదన్యం, పోదనం, బోధన్... ఇలా పేరు మారుతూ వచ్చిందని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. విస్తారంగా ధాన్యం పండినందున బహుధాన్యపురమన్న పేరు వచ్చిందని మరో వ్యుత్పత్తి చెబుతారు.

దక్షిణాపథపు గడప

బుద్ధుని కాలానికి భారతదేశంలో పదహారు మహాజనపదాలు ఉండేవని అంగుత్తర నికాయం పేర్కొంది. వాటిలో వింధ్యకు దక్షిణాన ఉన్నది అశ్మకం ఒక్కటే. గోదావరీ తీరాన విలసిల్లిన ఈ జనపదం ఆనాటి నాగరిక ప్రపంచానికి దక్షిణపు పొలిమేర. అక్కడ ఆశ్రమం ఏర్పరచుకొని ఉన్న బావరి అనే వృద్ధ బ్రాహ్మణుడు బుద్ధుని కీర్తి విని, తన పదహారుగురు శిష్యులను ఉత్తరాదికి పంపిన వృత్తాంతం సుత్తనిపాతంలో ఉంది. వారు ఒక్కొక్కరూ ఒక్కొక్క ప్రశ్న వేసి, బుద్ధుని సమాధానాలు విన్నారు. పొలిమేరన ఉన్నవారికి దూరాన జరిగే మంచిని తెలుసుకోవాలన్న తపన అధికమేమో!

క్రీస్తుశకం ఎనిమిది, తొమ్మిది శతాబ్దుల నాటికి ఇది వేములవాడ చాళుక్యుల తొలి రాజధాని. ఆ వంశపు రాజు రెండవ అరికేసరి ఆస్థానకవి, కన్నడ ఆదికవి పంపడు 941లో రచించిన విక్రమార్జున విజయంలో ఈ నగర ప్రస్తావన ఉంది. వంశకర్త యుద్ధమల్లుడు పోదనంలో బావులను నూనెతో నింపించి అయిదువందల ఏనుగులకు స్నానం చేయించాడట. కవి అతిశయోక్తిని పక్కన పెట్టినా ఆనాటి వైభవం ఎంతటిదో ఊహకు అందుతుంది.

తల్లి కోరిన యాత్ర

కుటుంబ యాత్రలకు, బోధన్‌కు మరో ముడి ఉంది. దానిని జైన సంప్రదాయం భద్రపరిచింది. ఋషభదేవుని కుమారుడు బాహుబలి పోదనపురాన్ని పాలించాడని, అన్న భరతునితో జరిగిన ద్వంద్వయుద్ధంలో గెలిచి కూడా రాజ్యాన్ని విడిచి తపస్సుకు వెళ్లాడని జైన పురాణాలు చెబుతాయి. తమ్ముని జ్ఞాపకార్థం భరతుడు అక్కడ 525 ధనువుల ఎత్తున విగ్రహం నిలిపాడని ప్రతీతి.

గంగరాజుల మంత్రి, సేనాని చావుండరాయని తల్లి కాళలాదేవి ఈ గాథ విని ఆ విగ్రహాన్ని దర్శించాలని కోరింది. తల్లి కోరిక తీర్చాలని కుమారుడు పరివారంతో బయలుదేరాడు. పోదనపురం దూరాన ఉన్నదని, విగ్రహం చుట్టూ కుక్కుట సర్పాలు చేరి అక్కడికి చేరడం అసాధ్యమైందని పెద్దలు వివరించారు. ఆగిపోయిన ఆ యాత్రకు ఫలితమే శ్రావణబెళగొళ కొండపై పదవ శతాబ్ది చివర వెలసిన సుమారు 57 అడుగుల ఏకశిలా గోమటేశ్వరుడు. దాదాపు 1180 నాటి బొప్పణకవి శాసనంలో పౌదనపుర విగ్రహ వృత్తాంతం చెక్కి ఉంది. పోదనపురమంటే నేటి బోధనేనని పలువురు పండితుల నిర్ణయం.

నేడు శ్రావణబెళగొళకు లక్షలాది భక్తులు వెళతారు. ఆ విగ్రహానికి ప్రేరణ అయిన ఊరి పేరు వారిలో ఎందరికి తెలుసు? బోధన్ మీదుగా సాగిపోయేవారిలోనూ ఎందరికి తెలుసు? బాసర సరస్వతీ దర్శనానికి ఏటా వేలాది కుటుంబాలు నిజామాబాద్ దాకా వచ్చి, పాతిక కిలోమీటర్ల దూరంలోని ఈ ప్రాచీన నగరాన్ని చూడకుండానే మరలిపోతున్నాయి.

ఒకే రాతికి రెండు ప్రార్థనలు

పట్టణంలో తప్పక చూడవలసిన కట్టడం దేవల్ మసీదు. పేరులోనే దాని చరిత్ర ఇమిడి ఉంది. దేవల్ అంటే దేవాలయం. నక్షత్రాకారపు పీఠం, శిల్పాలంకృతమైన రాతి స్తంభాలు చాళుక్య, రాష్ట్రకూట శైలిని గుర్తుచేస్తాయి. ఇది మొదట జైనాలయమని కొందరు, రాష్ట్రకూట చక్రవర్తి మూడవ ఇంద్రుని పేరిట వెలసిన ఇంద్రనారాయణాలయమని కొందరు చెబుతారు. కళ్యాణి చాళుక్య రాజు మొదటి సోమేశ్వరుని కాలపు బోధన్ శాసనంలో ఇంద్రనారాయణాలయ ప్రస్తావన ఉంది. పద్నాలుగవ శతాబ్దంలో మహమ్మద్ బిన్ తుగ్లక్ పాలనలో ఇది మసీదుగా మారింది.

ఇటువంటి చోట నిలబడినప్పుడు మనసులో పలు భావాలు కలగడం సహజం. వాటిని వాదంగా మార్చకుండా అనుమతి తీసుకొని, నిశ్శబ్దంగా చూసి, పిల్లలకు ఉన్నది ఉన్నట్లు వివరించి రావాలి. శతాబ్దుల తరబడి ఈ ఊళ్లో ఇరుగుపొరుగులుగా బతుకుతున్నవారు ఈ చరిత్ర బరువును రోజూ మోస్తున్నారు. ఒక పూటకు వచ్చిన అతిథి ఆ బరువును పెంచకూడదు. కుంతి తన ఆతిథేయుల భారాన్ని దించి వెళ్లింది కదా!

బోధన్ డివిజన్‌లోనే వర్ని సమీపాన కొండపై వెలసిన బడాపహాడ్ దర్గాకు హిందువులు, ముస్లింలు కలిసి మొక్కులు చెల్లించడం నేటికీ చూడవచ్చు. పొలిమేర సీమల భక్తి స్వభావం ఇది.

తీపి పండిన నేల

ఆధునిక కాలంలో బోధన్‌కు పేరు తెచ్చినది చెరకు. మంజీరా నదిపై 1923లో ప్రారంభించి 1931లో పూర్తిచేసిన నిజాంసాగర్ ప్రాజెక్టు ఈ సీమ రూపురేఖలను మార్చివేసింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో తీర్చిన ఆ జలాశయపు కాలువలు పారిన చోటల్లా చెరకు తోటలు లేచాయి. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ నెలకొన్నది. ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారాలలో ఒకటిగా పేరొందిన ఆ సంస్థ చుట్టూ శక్కర్‌నగర్ అనే ఊరే వెలసింది. కోస్తా జిల్లాల నుంచి రైతు కుటుంబాలు వలస వచ్చి ఇక్కడ భూములు సాగుచేసుకున్నాయి. ఊరి పేరు చివర ‘క్యాంపు’ అన్న మాట వినిపిస్తే అది అలా వెలసిన ఊరే. ఈ నేల మరోసారి అతిథులను అక్కున చేర్చుకుంది. వారు తమ చెమటతో ఋణం తీర్చుకున్నారు.

2002లో కర్మాగారంలో అధికవాటా ప్రైవేటు యాజమాన్యం చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో అది మూతపడింది. చెరకు గానుగాడే కాలంలో బండ్లు, ట్రాక్టర్లు బారులు తీరిన దారులు బోసిపోయాయి. కార్మికుల కుటుంబాలు కొన్ని ఊరు విడిచాయి. రైతులలో చాలామంది వరివైపు మళ్లారు. పంచామృతంలోకి చక్కెర, దీపావళి లక్ష్మీపూజకు, తులసి కల్యాణపు పందిరికి చెరకు గడలు అందించిన సీమకు పట్టిన ఈ స్థితి చూసేవారిని కలచివేస్తుంది. శక్కర్‌నగర్ వీధుల వెంట నడిచేటప్పుడు పిల్లలకు ఆ పాత కట్టడాలను చూపించి, మనం దేవునికి నివేదించే ప్రతి పలుకు వెనుకా ఎందరి శ్రమ ఉన్నదో చెప్పవచ్చు. ప్రసాదం విలువ వారికి అప్పుడు బోధపడుతుంది.

నదులు గీసిన హద్దు

బోధన్ నుంచి సుమారు ఇరవై కిలోమీటర్ల దూరంలో రెంజల్ మండలంలోని కందకుర్తి త్రివేణీ సంగమ క్షేత్రం. మహారాష్ట్రలోని త్ర్యంబకం వద్ద పుట్టిన గోదావరి తెలంగాణ నేలను తాకేది ఇక్కడే. బాలాఘాట్ కొండలలో పుట్టి, కర్ణాటకను పలకరించి, మెదక్ సీమను తడిపి, నిజాంసాగర్ నింపి వచ్చిన మంజీర తన ప్రయాణాన్ని ఇక్కడ ముగించి గోదావరిలో ఐక్యమవుతుంది. వీటితో కలిసే మూడవది హరిద్ర. హరిద్ర అంటే పసుపు. పసుపు పంటకు, పసుపు మార్కెట్‌కు పేరుగాంచిన నిజామాబాద్ జిల్లాలోని నదికి ఆ పేరుండటం ఎంత ముచ్చటైన పొందిక! ఒడ్డున ఆలయాలు, నదీగర్భంలో పురాతన శిలానిర్మిత శివాలయం ఉన్నాయి. వరద కాలంలో శివాలయం నీట మునుగుతుంది. నీరు తగ్గినప్పుడు మళ్లీ దర్శనమిస్తుంది. పుష్కరాల వేళ ఈ తీరం జనసంద్రమవుతుంది. 2015లో గోదావరి పుష్కరాలు జరిగాయి. పన్నెండేళ్లకు ఒకమారు వచ్చే ఆ పర్వం తిరిగి 2027లో.

ఆవలి గట్టు మహారాష్ట్ర. 1956కు పూర్వం రెండు గట్లూ ఒకే హైదరాబాద్ రాష్ట్రం. భాషా ప్రాతిపదికన ఆ రాష్ట్రాన్ని విభజించినప్పుడు తెలుగు జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌లో, మరాఠ్వాడ బొంబాయి రాష్ట్రంలో, కన్నడ ప్రాంతాలు మైసూరులో చేరాయి. పటం మీద గీత పడింది గాని, వియ్యాలు, సంతలు, మొక్కులు ఆగలేదు. బోధన్ వీధులలో తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ వినవస్తాయి. ఈ ప్రాంతపు పల్లెలలో విఠలేశ్వరుని ఆలయాలు, హరినామ సప్తాహాలు, పండరి భజనలు సర్వసాధారణం. తెలుగింటి గడపలో పాండురంగని అభంగం వినిపిస్తే అది మరాఠీ పాట అని ఎవరూ లెక్కపెట్టరు.

బోధన్‌కు చేరువలోని హున్సా గ్రామంలో హోలీనాటి సాయంత్రం పిడిగుద్దులాట ఆచారంగా సాగుతుంది. తాడుకు ఇరువైపులా నిలిచి రెండు వర్గాలవారు పిడికిళ్లతో తలపడతారు. ఆట ముగిశాక ఒకరినొకరు ఆలింగనం చేసుకొని ఇళ్లకు వెళతారు. హద్దున బతికేవారికి కలహం ఎక్కడ ఆపాలో తెలుసు.

రెండు రోజుల యాత్ర

హైదరాబాద్ నుంచి బయలుదేరినవారు నిజామాబాద్‌కు ముందే డిచ్‌పల్లి వద్ద ఆగి, గుట్టపై శిల్పకళాశోభితమైన ఖిల్లా రామాలయాన్ని దర్శించవచ్చు. పూర్వం ఇందూరుగా పిలిచిన నిజామాబాద్ పట్టణంలో నీలకంఠేశ్వరాలయం ప్రసిద్ధం. రథసప్తమికి ఇక్కడ ఉత్సవం జరుగుతుంది. సమర్థ రామదాసు ప్రతిష్ఠించినట్లు ప్రతీతి గల సారంగాపూర్ హనుమదాలయం పట్టణానికి సమీపంలోనే ఉంది. ఖిల్లా గుట్టపై రఘునాథాలయం ఉంది. ఈ ఖిల్లా ఒకప్పుడు చెరసాల. నిజాం పాలనను ఎదిరించిన మహాకవి దాశరథి కృష్ణమాచార్యను ఇక్కడే నిర్బంధించారు. బొగ్గుతో చెరసాల గోడలపై ఆయన పద్యాలు రాసిన వృత్తాంతం సుప్రసిద్ధం. భక్తి, స్వేచ్ఛ ఒకే గుట్టపై దర్శనమివ్వడం అరుదు.

మొదటి రోజు డిచ్‌పల్లి, ఇందూరు ఆలయాలు చూసి నిజామాబాద్‌లో బస చేయవచ్చు. రెండవ రోజు ఉదయమే బోధన్ చేరి ఏకచక్రేశ్వరుని సేవించి, దేవల్ మసీదు, శక్కర్‌నగర్ చూసి, మధ్యాహ్నానికి కందకుర్తి సంగమానికి వెళ్లవచ్చు. మరో పూట సమయమున్నవారు బాసర సరస్వతిని దర్శించి తిరుగు ప్రయాణం కావచ్చు.

వెళ్లేవారికి ఒక విన్నపం. భోజనం ఇంటి నుంచి కట్టుకెళ్లినా, ఒక పూటైనా అక్కడి హోటల్‌లో తినండి. పసుపో, బెల్లమో, పూలో, కొబ్బరికాయో అక్కడి దుకాణంలోనే కొనండి. సంగమంలో స్నానం చేశాక పాత బట్టలు, ప్లాస్టిక్ సంచులు నదికి వదలకండి. ఊరి పెద్దలు ఎవరైనా చెరువు గట్టునో, గుడి అరుగుపైనో కనిపిస్తే తమ ఊరి సంగతులు అడిగి, ఓపికగా వినండి. కర్మాగారం మూతపడిన ఊళ్లో తమ ఊరి గొప్ప విని మెచ్చుకునేవారు రావడం చిన్న ఓదార్పేమీ కాదు.

ఏకచక్రపురం నుంచి పాండవులు వెళ్లిపోయినప్పుడు వారెవరో ఊరికి అప్పటికీ తెలియదు. తెలిసిందల్లా తమ వీధిలో రోదన ఆగిందనే. మన బండి కదిలాక ఆ ఊరు మనల్ని తలచుకోకపోయినా పరవాలేదు. మనవల్ల అక్కడ ఒక మంచి మిగిలితే అతిథి ధర్మం నెరవేరినట్లే.

ఇలా చేరుకోవచ్చు

హైదరాబాద్ నుంచి నిజామాబాద్ సుమారు 175 కిలోమీటర్లు. సికింద్రాబాద్, కాచిగూడ స్టేషన్ల నుంచి రైళ్లు, నగరం నుంచి ఆర్టీసీ బస్సులు ఉన్నాయి. నిజామాబాద్ నుంచి బోధన్ సుమారు 25 కిలోమీటర్లు, బాసర సుమారు 35 కిలోమీటర్లు. బోధన్‌కు బస్సులు లభిస్తాయి. కందకుర్తికి సొంత వాహనం సౌకర్యంగా ఉంటుంది. వర్షాకాలంలో గోదావరి ఉద్ధృతంగా ప్రవహిస్తుంది. పిల్లలతో వెళ్లేవారు కార్తీకం నుంచి మాఘం వరకు యాత్ర పెట్టుకోవడం మేలు.